ఆ ఎర్ర కుచ్చు నాదే

ధర్మవరం, మేజిస్ట్రేట్ గారి ఎదుట, 11-03-2025 మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మొదలుపెట్టి, చెప్పిన వ్యక్తి మాటల్లోనే రాసుకున్నది.

నా పేరు ఎర్రిస్వామి. మా నాయన ఓబిలేసు, చనిపోయి పందొమ్మిదేళ్ళయింది. నాకు యాభై నాలుగేళ్ళు. పట్టు నూలుకు రంగు అద్దడం నా వృత్తి. ధర్మవరంలో సొంత అద్దకం షెడ్డు ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఇదే పని. చదువు లేదు. సంతకం మాత్రం వచ్చు, దాని సంగతి చివర చెబుతాను.

నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఆశ చూపలేదు. పోలీసులు పట్టుకు రాలేదు. ఈరోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేనే స్టేషన్‌కు వెళ్ళాను, ఎస్ఐ గారు ఇక్కడికి పంపారు. చెప్పి తీరాలని ఏమీ లేదనీ, చెబితే అది నా మెడకే చుట్టుకుంటుందనీ మేజిస్ట్రేట్ అమ్మగారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని పక్క గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు. నేను పదకొండు రోజులు ఆలోచించి వచ్చినవాణ్ణి. ఆ గదిలో ఊరికే గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

ముందు అసలు మాట రాసుకోండి. సబ్ జైలులో ఉన్న రాజేంద్ర ఏ తప్పూ చేయలేదు. పరీక్షలో విషం ఉందని తేలిన ఎర్ర పట్టు కుచ్చు అతని రంగు బానలోది కాదు. నాది. నేనే మార్చాను. అతన్ని వదిలిపెట్టండి. ఎందుకు మార్చావంటే ఒక్క మాట చాలు, ఓర్వలేక. ఒక్క మాట రాస్తే కోర్టుకు సరిపోదని గుమస్తా గారు అన్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

రాజేంద్ర నా భార్య ఆంజినమ్మకు తమ్ముడు. కొత్తచెరువులో పదో తరగతి అయ్యాక 2007లో మా ఇంటికి వచ్చాడు. పట్టుకు జిగురు ఎట్లా తీయాలి, నీళ్ళు ఎంత కాగితే నూలు ముంచాలి, ఎప్పుడు పైకి లేపాలి, అన్నీ నేనే నేర్పాను. నీళ్ళ వేడి నేను వేలు ముంచి చెబుతాను. అతనికీ అట్లాగే నేర్పాను. పన్నెండేళ్ళు నా బాన దగ్గర పనిచేశాడు. 2019లో బెంగళూరు వెళ్ళి మూడు నెలలు శిక్షణ తీసుకుని వచ్చి, మా వీధిలోనే, మా షెడ్డుకు ఆరో షెడ్డు, సొంతంగా పెట్టుకున్నాడు. ఏకు మేకైంది అని నేను టీ కొట్టు దగ్గర నలుగురిలో అన్నాను. అది అతని చెవిన పడింది. మరునాడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, మొదటి విడత రంగు నన్నే కలపమన్నాడు. నేను పని ఉందని చెప్పాను. ఆరోజు నాకు పనేమీ లేదు.

అతని షెడ్డులో గోడకు గాజు కడ్డీ వేలాడుతుంటుంది, వేడి చూసుకోవడానికి. బంగారం అంగడిలో ఉండే లాంటి చిన్న త్రాసు ఉంది, రంగు పొడి తూచుకోవడానికి. ప్రతి రంగు డబ్బా మీద పేరు, నంబరు, ఎవరు తయారుచేశారో కాగితం. చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. రంగువాడికి చేయి కనపడకుండా పని చేయడమేమిటి? శశికుమార్ గారి పట్టు అంగడికి పోతే అతనికి కుర్చీ వేసేవారు, నాకు బల్ల చూపేవారు. అతనికి గాజు గ్లాసులో టీ, నాకు కాగితం కప్పులో. అంగడి గోడ మీద అతని ఫోటో పెట్టారు, తొడుగులు వేసుకుని నూలు ఎత్తి పట్టుకున్నది. ఆ నూలు ఎత్తే తీరు నాది. మోచేయి నడుముకు ఆనించి ఎత్తడం నేను కనిపెట్టింది. ఫోటో కింద నా పేరు లేదు.

ఇంట్లో కూడా అదే. ఆంజినమ్మ ఊరిబిండి పచ్చడి నూరితే ముందు ఒక గిన్నె తమ్ముడికి పోవాలి. మా రాజేంద్ర ఇట్లా అన్నాడు, మా రాజేంద్ర అట్లా చేస్తాడు. ఒకరోజు లెక్కపెట్టాను. పొద్దున నుంచి మధ్యాహ్నం అన్నం తినే లోపల ఆమె అతని పేరు పదకొండుసార్లు ఎత్తింది. నన్ను ఏమయ్యా అని రెండుసార్లు పిలిచింది, రెండుసార్లూ నీళ్ళ ట్యాంకరు వచ్చిందని చెప్పడానికే.

2023లో అతను అక్కకు రెండు జతల రబ్బరు తొడుగులు తెచ్చి ఇచ్చాడు. మా షెడ్డులో రంగు వేసేది నేను, వేసిన నూలును నీళ్ళలో జాడించేది ఆంజినమ్మ. పాతికేళ్ళుగా వట్టి చేతులతో జాడిస్తోంది. తొడుగు వేసుకుంటే నూలు మాట వినదని చెప్పి నేను వద్దన్నాను. అసలు కారణం అది కాదు. అతను తెచ్చినవి నా షెడ్డులో ఆమె చేతులకు ఉండటం నేను చూడలేను. ఒక తొడుగును కారుతున్న బోరు పైపుకు చుట్టి కట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, పోలీసులు పోయి చూసుకోవచ్చు. ఆంజినమ్మ వేలు రేషన్ మిషన్ మీద పడక మూడేళ్ళయింది, కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. ఆడవాళ్ళ వేళ్ళు గిన్నెలు తోమి అరిగిపోతాయి అనుకున్నాను.

ఇప్పుడు నా ఎరుపు సంగతి. చిలకముక్కు ఎరుపు అంటారు. ధర్మవరంలో ఆ ఎరుపు నాలాగా ఎవరికీ రాదు. ఆ చీర కట్టుకుని తాళి కట్టించుకున్న ఆడపిల్లలు వేలల్లో ఉంటారు. ఆ పొడి మా నాయన కాలం నుంచి బళ్ళారి వైపు నుంచి ఒకాయన తెచ్చి ఇచ్చేవాడు, ఇప్పుడు ఆయన కొడుకు తెస్తున్నాడు. డబ్బా మీద పేరు ఉండదు. పేరు అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు. రాజేంద్ర నా దగ్గర ఉన్నప్పుడే ఒకసారి అడిగాడు, ఈ పొడి పేరేంది బావా అని. ఎరుపుకు పేరెందుకురా, ఎరుపే పేరు అన్నాను. సొంత షెడ్డు పెట్టుకున్నాక అతను ఆ పొడి ముట్టలేదు. వేరే పొడితో వేరే ఎరుపు తెచ్చాడు.

ఇంకొకటి చెప్పాలి, మీ ముందు చెప్పకూడని మాట. దీపావళి అయిన తర్వాత నుంచి ఆంజినమ్మకు అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా పోతోంది. నొప్పి లేదంది. రంగుల ఇంట్లో ఉమ్మితే ఎరుపు, చీదితే ఎరుపు, తలంటుకుంటే ఎర్ర నీళ్ళు. అది కూడా రంగే అనుకున్నాం. నేను నవ్వాను కూడా. చూసినావా, నా రంగు ఎంత గట్టిదో, లోపలికి కూడా పట్టుకునింది అన్నాను. ఆమె కూడా నవ్వింది.

ఫిబ్రవరి నెల మొదట్లో శశికుమార్ గారికి పరదేశం నుంచి పెద్ద బేరం వచ్చింది. ముప్ఫై రెండు చీరలు, తర్వాత ఇంకా. వాళ్ళ షరతు ఏమిటంటే నూలు రంగులో ఒంటికి చెరుపు చేసే మందులు ఉండకూడదు, పరీక్ష కాగితం కావాలి. ఆ బేరం రంగంతా రాజేంద్రకు ఇచ్చారు. నిషేధించిన రంగులు వాడలేదని అతని చేత రాయించుకున్నారు. నన్ను అడగనే లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం. బెంగళూరు పరీక్షా కేంద్రం నుంచి గౌతమి అనే అమ్మాయి నమూనాలు తీసుకోవడానికి వస్తోందని విన్నాను. పొద్దున పదకొండున్నరకు నా ఎర్ర కుచ్చు ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని అంగడికి వెళ్ళాను.

కుచ్చు అంటే ఏమిటో చెబుతాను. ఒక విడత నూలు అద్దిన తర్వాత దాంట్లోంచి జానెడు పోగులు తీసి ముడి వేసి దాచుకుంటాం. నేత సగంలో నూలు చాలకపోతే మళ్ళీ అదే రంగు తేవాలి, దానికి అది ఆనవాలు. ముడి వేసేది నూలు జాడించే ఆడమనిషి. ఒక్కో ఇంటి ముడి ఒక్కో తీరు. ఆంజినమ్మ మూడు చుట్లు చుట్టి కొసను వెనక్కి మడిచి రెండో చుట్టు కింద దూరుస్తుంది. ఎడమచేతి వాటం కాబట్టి చుట్లు ఎడమకు పోతాయి. ఆ విడత నూలు మగ్గం మీద ఉన్నంతవరకు ఆ ముడి విప్పకూడదు, కోయకూడదు. కోస్తే మగ్గం మీద పడుగు తెగుతుందంటారు. రాజేంద్ర ముడి వేయించడు. ప్లాస్టిక్ దారంతో నంబరు చీటీ కడతాడు.

అంగడిలో శశికుమార్ గారిని అడిగాను, నాది కూడా ఒకటి పంపండి, పరీక్ష చేయించండి అని. జేబులోంచి కుచ్చు తీసి చూపించాను. ఆయన ముట్టుకోలేదు.

"నీది వద్దులే ఎర్రిస్వామన్నా. మనోళ్ళ పెండ్లిండ్లకు నీ ఎరుపు బాగుంటాది. పరీక్షకు నిలబడేది రాజేంద్రదే."

ఆయన మంచిగానే అన్నాడు, నవ్వుతూ. అక్కడ ఇద్దరు గుమస్తాలు, చీర కొనడానికి వచ్చిన ఒక కుటుంబం ఉన్నారు. వాళ్ళ ముందు అన్నాడు. నేను కుచ్చు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మేడ మీదికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను, అద్దడానికి రావాల్సిన నూలు కోసం.

ఒంటి గంటా పది నిమిషాలకు గౌతమి రాజేంద్ర షెడ్డు నుంచి నమూనాలు తీసుకుని మేడ మీదికి వచ్చింది. ఎరుపు, పసుపు, పచ్చ, మూడు కవర్లు. అంగడి ముద్ర వేయించి సీలు పెట్టాలంట, అందుకని ఇంకా అంటించలేదు. ఆమెకు భోజనం తెప్పించారు. నన్ను చూసి అంది:

"అన్నా, రెండు నిమిషాలు ఇవి చూస్తా ఉండండి. చేయి కడుక్కొని వస్తాను."

ముక్కూ మొహం తెలియనివాణ్ణి నమ్మి వెళ్ళింది. ఆ అమ్మాయి మీద ఏ మాటా రాకుండా చూడండి, ఆమెకు ఏమీ తెలియదు.

నేను ఎర్ర కవరు తెరిచి రాజేంద్ర కుచ్చు తీశాను. బల్ల మీద కత్తెర ఉంది. ప్లాస్టిక్ దారం కోసి, అతని చీటీని నా కుచ్చుకు తగిలించి, పక్కనే ఉన్న చీటీల దారంతో కట్టి కవరులో పెట్టాను. కత్తెర చేతిలోనే ఉంది. ఆంజినమ్మ ముడి అప్పుడే కోసి పారేసి ఉంటే ఈరోజు ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ విడత నూలు ఇంకా నేతగాడు సుబ్బన్న మగ్గం మీద ఉంది. బామ్మర్ది నమూనా మార్చడానికి సిగ్గుపడని చేయి ఆ ముడి కోయడానికి ఆడలేదు. ముడి పక్కనే చీటీ వేలాడగట్టి వదిలేశాను. గౌతమి వచ్చి సీలు వేసింది. నాకు ఒక అరటిపండు ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట సరిగ్గా రాసుకోవాలి. అతన్ని ముంచాలని నేను మార్చలేదు. నా ఎరుపు గెలవాలని మార్చాను. నా ఎరుపులో చెడు ఉంటుందన్న అనుమానం నాకు వెంట్రుకవాసి కూడా లేదు. రాజేంద్ర పేరు మీద కాగితం వస్తుంది, శశికుమార్ గారు దాన్ని అందరికీ చూపిస్తారు, అప్పుడు నలుగురి మధ్య నిలబడి, అది నాదిరా, మీరు వద్దన్న ఎరుపు అని చెప్పాలి. ఏమేం మాటలు అనాలో కూడా పేర్చుకున్నాను. పదిహేను రోజులు అవే మాటలు అనుకుంటూ నూలు ముంచాను. ఎట్లా రుజువు చేస్తావు అంటారేమో, నా ఎరుపు చూస్తే తెలియదా అనే గర్వం నాది.

రాజేంద్ర కుచ్చు ఇంటికి తెచ్చి ఎండలో పెట్టి చూశాను. తడిపి చూశాను. తెల్ల గుడ్డకేసి రుద్దాను. రంగు దిగలేదు. నా ఎరుపు కంటే బాగుంది. ఈ మాట ఈ కోర్టులో తప్ప ఇంకెక్కడా అనను.

ఫిబ్రవరి 28, శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు శశికుమార్ గారు మా వీధి అద్దకం వాళ్ళందరినీ పిలిపించారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. పసుపు బాగుంది, పచ్చ బాగుంది అన్నారు. ఎరుపు దగ్గర ఆయన గొంతు మారింది. బెంజిడిన్ అనే విషం కిలో నూలుకు ముప్ఫై మిల్లీగ్రాములకు మించకూడదట. వచ్చింది నాలుగు వందల పన్నెండు. బేరం పోయింది. ముప్ఫై రెండు చీరలు మగ్గాల మీదే ఉన్నాయి. నాది కాదన్నా, ఆ పొడి నేను వాడనే వాడను అని రాజేంద్ర నాలుగైదుసార్లు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బావా, నువ్వైనా చెప్పు. నా బాన సంగతి నీకు తెలీదా?"

నేను పేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. ఆ నాలుగు వందల పన్నెండు నాది అని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా అన్నాను:

"నాకేం తెలుసప్పా. పోయి నీ త్రాసును అడుగు."

కొందరు నవ్వారు. వాళ్ళు నవ్వినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఎన్నేళ్ళ కడుపుమంటో ఒక్కసారి చల్లారింది. విషం నాదని తెలిసిన నిమిషంలోనే నాకు హాయిగా అనిపించింది అంటే, నేను ఎటువంటివాణ్ణో మీరే అర్థం చేసుకోండి.

అబద్ధం రాసిచ్చి మోసం చేశాడని శశికుమార్ గారు మార్చి 1న ఫిర్యాదు ఇచ్చారు. మార్చి 3, సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు పోలీసులు వచ్చారు. రాజేంద్ర నూలు ముంచబోతున్నాడు. తొడుగులు తీసి, కడిగి, కర్ర మీద ఆరేసి, పొయ్యి ఆర్పి జీపు ఎక్కాడు. ఆంజినమ్మ చెప్పులు లేకుండా వీధి చివరి దాకా పరుగెత్తింది. నేను మా షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. తమ్ముని కోసం ఇట్లా పరుగెత్తింది, నా కోసం ఎప్పుడైనా పరుగెత్తిందా అని అనుకున్నాను. అదే అనుకున్నాను, ఇంకోటి కాదు.

మరునాడు శశికుమార్ గారు నన్ను పిలిపించి కుర్చీ వేశారు. గాజు గ్లాసులో టీ ఇచ్చారు. ఇంక నీకే అన్నా, అన్నారు. టీలో చక్కెర ఎక్కువైంది. అయినా అడుగు దాకా తాగాను. గోడ మీద ఫోటో తీసేశారు, అక్కడ సున్నం వెలిసిపోకుండా నలుచదరంగా ఉంది.

రాజేంద్రకు పోవాల్సిన నూలంతా మా షెడ్డుకు వచ్చింది. రోజుకు నాలుగు కిలోలు అద్దేవాళ్ళం, తొమ్మిది కిలోలయింది. రెండు ట్యాంకర్ల నీళ్ళు. తొమ్మిది కిలోలూ జాడించింది ఆంజినమ్మే. ఏడుస్తూ జాడించింది, వట్టి చేతులతో. ఏ రంగులో విషం ఉందో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఊరందరిలాగే ఆమె కూడా, విషం తమ్ముడి షెడ్డులో ఉంది, మా ఇంట్లో లేదు అనుకుంది. మార్చి 4 నుంచి 9 పొద్దున దాకా, ఐదు రోజుల పైన. చేతులు తీయమని నేను చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది.

మార్చి 9, ఆదివారం పొద్దున పదకొండు గంటలకు రాజేంద్ర భార్య నందిని మా ఇంటికి వచ్చింది. ఆంజినమ్మ ఉతికిన నూలు విదిలిస్తోంది. నందిని పరీక్ష కాగితాన్ని ఫోనులో పెట్టుకుని వచ్చింది. అందులో చివర రాసింది గౌతమి ఫోనులో తెలుగులో చెప్పిందట.

"వదినా, ఈ రంగు ఏండ్ల తరబడి ముట్టినోళ్ళకు మూత్రంలో నెత్తురు పోతాదంట. నొప్పి కూడా ఉండదంట. ఆయనకు అట్లేమన్నా పోతాండాదేమో, జైల్లో ఎట్లా అడిగేది?"

ఆంజినమ్మ నూలు విదిలించడం ఆపేసింది. నా వైపు చూడలేదు. ఫోను ఇటియ్యి అంది. చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. కాగితంతో పాటు నమూనా ఫోటో కూడా ఉంది, ఎర్ర కుచ్చు, దాని పక్కన కొలబద్ద. ఆ బొమ్మను వేలితో పెద్దది చేయబోయింది. ఆమె వేలికి ఫోను పలకలేదు. నందిని చేసి ఇచ్చింది. చాలాసేపు చూసింది. వానికేం కాదులే, నువ్వు పోయి అన్నం తిను అని చెప్పి నందినిని పంపింది.

ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది. అరవలేదు.

"ముడి నాది. రంగు నీది. వాని పేరెట్లా వచ్చె?"

నేను చెప్పాను. అంగడి, గౌతమి, కత్తెర, అంతా చెప్పాను. నా ఎరుపు గెలవాలని చేశానని కూడా చెప్పాను. ఆమె విన్నది. కత్తెర చేతిలో ఉండి ముడి ఎందుకు కోయలేదని అడిగింది. సుబ్బన్న మగ్గం మీద నూలు ఉంది కదా అన్నాను. ఆమె నా ముఖం అట్లాగే చూసి లోపలికి పోయింది. బాన కింద మంట నేనే నీళ్ళు పోసి ఆర్పాను. ఆరోజు మా ఇంట్లో ఎవరూ తినలేదు.

మార్చి 10, సోమవారం ఆరున్నర బస్సుకు అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్ళాం. మూత్రంలో నెత్తురు ఉందన్నారు. స్కానింగ్ తీశారు. మూత్రసంచిలో గడ్డలాంటిది ఉంది, చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి, అప్పుడు గానీ ఏదీ చెప్పలేం అన్నారు. మీరు ఏ రంగులో పనిచేస్తారమ్మా అని డాక్టరు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆంజినమ్మ చెప్పింది.

"మా తమ్ముని రంగు కాదు సార్. వాని రంగు మంచిది. ఇది మా ఇంట్లోది."

ఆ గదిలో, ఆ మాట విన్నప్పుడు కూడా నాకు మండింది. వాని రంగు మంచిదట. ఇది కూడా రాసుకోండి అమ్మగారూ. భార్య ఒంట్లో నా ఎరుపు గడ్డకట్టి ఉంటే నాకు బామ్మర్ది మీద మండింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నీకు ఏం కావాలన్నా చేస్తాను, బెంగళూరుకు తీసుకుపోతాను, షెడ్డు అమ్మేస్తాను అని చెప్పాను. అన్నీ విని ఒక్కటే అంది.

"నేను బతికేది సచ్చేది తర్వాత. ముందు వాడు బయటికి రావాల."

అందుకే వచ్చాను. మంచివాణ్ణయి రాలేదు. ఆమె అడిగింది కాబట్టి వచ్చాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను నేరుగా అడిగింది ఇదొక్కటే.

రాజేంద్ర అసలు కుచ్చు తెచ్చాను. కాగితం పొట్లంలో ఉంది, తీసుకోండి. పరీక్షకు పంపండి. అందులో ఏమీ రాదు, నేను పందెం కాస్తాను. నా షెడ్డులో పేరు లేని డబ్బాలు రెండున్నర ఉన్నాయి, బళ్ళారి నుంచి తెచ్చే అతని ఫోను నంబరు నా దగ్గర ఉంది. సుబ్బన్న మగ్గం మీద ఉన్న నూలు కూడా నాదే, ఆ చీర ఎవరి పెళ్ళికో పోకముందే ఆపండి. మీ దగ్గరకు పరీక్షా కేంద్రం నుంచి ఆ ఎర్ర కుచ్చు వస్తుంది. దాని ముడి ఇంక కోసుకోవచ్చు.

పొద్దున స్టేషన్‌లో ఎస్ఐ గారి బల్ల మీద రాజేంద్ర వేలిముద్రల కాగితం చూశాను. పది వేళ్ళూ పడ్డాయి, గీత గీతా లెక్కపెట్టేటట్టు. అన్నేళ్ళు నా బాన దగ్గర పనిచేసినవాడి వేళ్ళు అంత చక్కగా ఎట్లా ఉన్నాయి అని అక్కడ నిలబడి కుళ్ళుకున్నాను. తొడుగుల వల్లే, ఇంకేముంది.

నా సంతకం సంగతి చివర చెబుతానన్నాను. 2009లో బ్యాంకులో వేలిముద్ర వేస్తుంటే వెనక ఎవరో నవ్వారు. రాజేంద్ర ఆరోజు నుంచి నెల రోజులు, సాయంత్రం పని అయ్యాక, నూలు ఆరేసే నాపరాయి మీద నీళ్ళలో వేలు ముంచి నా పేరు రాసి నేర్పించాడు. రాయి ఎండకు కాలి ఉంటుంది కాబట్టి రాసింది రాసినట్టే ఆరిపోయేది, మళ్ళీ రాసేవాడు. విసుక్కోలేదు. అందుకని ఈ కాగితం మీద సంతకం వద్దు, వేలిముద్ర వేస్తానని గుమస్తా గారితో చెప్పాను. అతన్ని జైలుకు పంపిన చేత్తో అతను నేర్పిన అక్షరాలు రాయలేను. సిగ్గో, ఇంకా మిగిలిన కుళ్ళో నాకే తెలియడం లేదు.

రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. నేను ఎట్లా చెప్పానో అట్లాగే ఉంది, ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇదంతా నిజం.

కోర్టు గమనిక: సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు. చెప్పిన వ్యక్తి కోరిన మీదట ఎడమ బొటనవేలి ముద్ర మూడుసార్లు, కుడి బొటనవేలి ముద్ర రెండుసార్లు తీసుకోవడమైనది. ఐదుసార్లూ గీతలు పడలేదు, నల్లటి మచ్చ మాత్రమే పడింది. ఇది ముద్రగా చెల్లదని ఆయనకు చెప్పడమైనది. ఆయన తన రెండు బొటనవేళ్ళను కిటికీ వెలుతురులో చాలాసేపు చూసుకున్నారు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, ముందు బల్ల మీద వట్టి వేలితో ఒకసారి రాసుకుని, కాగితం మీద సంతకం చేశారు.

(సంతకం) ఎర్రిస్వామి